‘గ్రాగీ’ అంటే ఒట్టి నిద్రమత్తు కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఇంగ్లిషు మాటల శీర్షికలో ‘గ్రాగీ’ అంటే నిద్రమత్తు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆపరేషన్ అయినవాళ్ల పక్కన ఇరవై రెండేళ్లుగా డ్యూటీ చేస్తున్న నర్సుని. ఆ అర్థం సగమే.

నిద్ర ముంచుకొస్తుంటే డ్రౌజీ. మెలకువ వచ్చినా తల తేలక, కాలు నిలవకపోతే గ్రాగీ. ఆ తూలడం మాట పుట్టుకలోనే ఉంది. బ్రిటిష్ నౌకాదళంలో ఎడ్వర్డ్ వెర్నన్ అనే అడ్మిరల్ గ్రోగ్రమ్ అనే ముతక బట్ట కోటు వేసుకునేవాడట. నావికులు ఆయన్ని ‘ముసలి గ్రాగ్’ అని పిలుచుకునేవారు. వాళ్లు రమ్ము పచ్చిగా తాగి పడిపోతున్నారని 1740లో ఒక పాలు రమ్ముకి నాలుగు పాళ్ల నీళ్లు కలిపి పొయ్యమన్నాడు. ఆ నీళ్ల రమ్ముకి ఆయన పేరే పడింది. అది తాగి తూలేవాడు గ్రాగీ. తర్వాత దెబ్బలు తిని రింగులో తూలే బాక్సరూ గ్రాగీ అయ్యాడు. చివరికి చుక్క ముట్టనివాళ్లకీ ఆ మాట అంటింది.

మన ‘మత్తు’ కూడా ఈ దారినే వచ్చింది. సంస్కృతంలో ‘మత్త’ అంటే తాగి ఒళ్లు తెలియని స్థితి. మదమెక్కిన ఏనుగు మత్తేభం. ఇవాళ మత్తు డాక్టరు అంటే ఎవరికీ కల్లు గుర్తురాదు.

ఇంత పట్టుగా రాయడానికి కారణం ఉంది. కిందటేడు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన్ని వార్డుకి తెచ్చాం. చిన్న డాక్టరుగారు ఆయన భార్యతో “కొంచెం గ్రాగీగా ఉంటారు, చూసుకోండి” అని వెళ్లిపోయారు. ఆవిడ తలూపింది. నేను పక్క బెడ్‌కి సెలైన్ మారుస్తున్నాను. పెద్దాయన కళ్లు తెరిచి బాత్రూమ్‌కి వెళ్తానన్నాడు. ఆవిడ చెప్పులు అందించింది. రెండడుగులు వేశాడు, మూడోది పడలేదు. మంచం రాడ్డు తగిలి కనుబొమ్మ మీద మూడు కుట్లు. చీర చెంగుతో రక్తం అద్దుతూ, “ఆ మాటేంటో అడగడానికి మొహమాటపడ్డానమ్మా” అంది ఆవిడ.

అడగాల్సిన అవసరం ఆవిడకి ఎందుకు రావాలి? ఆ రోజు నుంచి ప్రతి మంచం దగ్గరా నేనే చెబుతున్నాను: “మత్తు ఇంకా దిగలేదు. లేస్తే తూలతారు. మమ్మల్ని పిలవకుండా మంచం దిగనివ్వకండి.” దయచేసి మీ శీర్షికలోనూ ‘మత్తు దిగక తూలడం’ అని సవరించి వేయండి.

— ఒక స్టాఫ్ నర్సు, కాకినాడ