సూర్యానికి, భుజం సంగతి

రాజమండ్రి
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూర్యం,

పొద్దున నీ ఫోన్ వచ్చినప్పుడు నేను గోడకి అతుక్కుని నిలబడి ఉన్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. "ఎడం చెయ్యి వెనక్కి పోవట్లేదురా, రాత్రిళ్లు నిద్ర లేదు, డాక్టరు ఇంజెక్షన్ అంటున్నాడు, భయంగా ఉంది" అని గబగబా చెప్పేసి పెట్టేశావు. ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదు. అందుకే కాయితం తీశాను. కుడిచేత్తోనే రాస్తున్నాను చూడు. పోయిన ఏడాది ఇదే రోజుల్లో ఈ చేత్తో బోర్డు పైన తేదీ కూడా వెయ్యలేకపోయేవాణ్ణి. పిల్లల్ని పిలిచి వేయించుకునేవాణ్ణి. లెక్కల మాస్టారు తొంభై డిగ్రీల కోణం దాటలేకపోతున్నాడని వెనక బెంచీలో నవ్వులు.

నాకు మొదలైంది ప్యాంటు వెనక జేబు దగ్గర. ఆటోవాడికి డబ్బులిద్దామని పర్సు కోసం చెయ్యి వెనక్కి పెట్టాను, కళ్ల ముందు మెరుపులు. పడుకున్న తీరు బాగాలేదేమో, నరం పట్టిందేమో అనుకున్నాను. మీ చెల్లెమ్మ నువ్వుల నూనె కాచి రాసింది. పక్కింటాయన పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోమన్నాడు. ఎముక విరగలేదు మొర్రో అన్నా వినడే! ఇలా మూడు నెలలు పోయాయి. అప్పటికి బనీను విప్పడానికి కూడా ఇంకొకరు కావాల్సి వచ్చింది. ఆ వైపు తిరిగి పడుకుంటే ప్రాణం పోయేది.

డాక్టరు చేసిన పరీక్ష చాలా చిన్నది. మోచెయ్యి పక్కకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమన్నాడు. తిరగలేదు. ఆయన పట్టుకుని తిప్పాడు, అయినా తిరగలేదు. కండరమో దాని తాడో తెగితే మనం ఎత్తలేకపోయినా, ఎదుటివాళ్లు ఎత్తితే చాలాసార్లు లేస్తుందట. ఎవరు ఎత్తినా లేవకపోతే కీలే బిగుసుకుందని అర్థం. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఇందులో ఏమీ ఉండదట, వేరే జబ్బేదీ కాదని తేల్చుకోవడానికే తీయిస్తారు. కీలు చుట్టూ వదులుగా ఒక సంచి ఉంటుందిరా. అది వాచి, మందమై, ముడుచుకుపోతుంది. తడిసి ఎండిన తోలు చెప్పు చూశావుగా, అలాగన్నమాట. దీనికి ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు 1934లో కాడ్‌మన్ అనే అమెరికా డాక్టరు పెట్టాడు. జపాన్‌వాళ్లయితే దీన్ని 'ఏభై ఏళ్ల భుజం' అంటారు. మన వయసు వాళ్లకి ముందే తెలిసిపోయినట్టుంది. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా వదలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టొచ్చు.

ఇక నీ భయం సంగతి. అది తుంటికి పొడిచే ఇంజెక్షన్ కాదు, నేరుగా కీల్లోకి ఇస్తారు. స్టెరాయిడ్, దాంతోపాటు తిమ్మిరెక్కించే మందు. నాకు ట్రయామ్‌సినలోన్ 40 మిల్లీగ్రాములు ఇచ్చారు. అల్ట్రాసౌండ్ తెరమీద సూది ఎటు పోతోందో చూసుకుంటూ భుజం వెనక నుంచి ఇచ్చారు. సూది నొప్పి కంటే లోపల బరువెక్కినట్టుండే ఆ అర నిమిషమే చిరాకు. స్టెరాయిడ్ అనగానే కండలు, కిడ్నీలు అని బెంబేలెత్తకు. రోజూ మింగే మాత్రలు వేరు, కీల్లో ఒకసారి వేసే మోతాదు వేరు. ఆ రాత్రి నొప్పి ఇంకా పెరిగింది, తిట్టుకున్నాను. కొంతమందికి ఒకట్రెండు రోజులు అలా అవుతుందట. మూడో రాత్రి తెల్లారేదాకా మెలకువ రాలేదు. నాలుగు నెలల తర్వాత మొదటి నిద్రరా అది!

కానీ షుగర్ జాగ్రత్త. నాకు ఆరేళ్లుగా ఉందని తెలుసుగా. ఇంజెక్షన్ వేసిన మర్నాడు పరగడుపున 130 ఉండేది 260 అయింది. డాక్టరు ముందే చెప్పబట్టి టెన్షన్ పడలేదు, వారంలో దిగొచ్చింది. నువ్వు అసలు ఎప్పుడైనా చూపించుకున్నావా? షుగర్ ఉన్నవాళ్లకి ఈ భుజం జబ్బు మామూలు వాళ్ల కంటే చాలా ఎక్కువగా వస్తుంది. ముందు ఆ మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించు. పూతరేకుల డబ్బా మంచం కింద దాచుకునేవాడివి, నీ మీద నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నొప్పి పోయింది కదా అని నేను రెండు వారాలు కాళ్లు చాపుకుని కూర్చున్నాను. చెయ్యి మాత్రం అంగుళం కూడా పైకి రాలేదు. ఇంజెక్షన్ వాపుని, నొప్పిని తగ్గిస్తుందే తప్ప ముడుచుకున్న సంచిని సాగదీసి పెట్టదు. దాని బలం కొన్ని వారాలే. ఆలోగా మనమే సాగదీసుకోవాలి. ఇది తెలిశాక హడావుడిగా ఒక చోటికి వెళ్తే, అక్కడ ఒకాయన చెయ్యి పట్టుకుని పంపు కొట్టినట్టు కొట్టాడు. మళ్లీ రెండు రాత్రులు జాగారం. తర్వాత దొరికిన ఫిజియో అమ్మాయి బంగారం. "సార్, లాగినట్టు ఉండాలి, కన్నీళ్లు రాకూడదు. చేసిన నొప్పి రాత్రిదాకా ఉంటే మర్నాడు తగ్గించండి" అంది. అదొక్కటీ గుర్తుపెట్టుకో.

ముందు పది నిమిషాలు వేడినీళ్ల కాపడం. తర్వాత మంచి చేత్తో కుర్చీ పట్టుకుని వంగి, పట్టేసిన చేతిని వేలాడేసి గుడి గంటలా ఊపడం, చిన్న చిన్న సున్నాలు చుట్టడం. కర్ర రెండు చేతుల్తో పట్టుకుని, మంచి చేత్తో చెడ్డ చేతిని బయటికి నెట్టడం. స్నానం అయ్యాక వీపు తుడుచుకునేటట్టు తువ్వాలు వెనక పట్టుకుని పైకి లాగడం. ఇది చివర్లో మొదలుపెట్టు, మొదటే చేస్తే నన్ను తిడతావు. రోజుకి మూడుసార్లు, కొంచెం కొంచెం. ఆదివారం ఒక్కసారే గంటసేపు చేస్తానంటే కుదరదు.

మా అమ్మాయి నెట్‌లో వెతికి, బ్రిటన్‌లో 503 మంది మీద చేసిన పరీక్ష గురించి చదివి వినిపించింది. 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిందట. ఇంజెక్షనుతో కలిపి ఫిజియోథెరపీ, మత్తిచ్చి చెయ్యి తిప్పడం, గొట్టం పెట్టి ఆపరేషన్, ఈ మూడింటిలో ఏదీ మిగతా వాటికంటే స్పష్టంగా మెరుగని తేలలేదు. అలాంటప్పుడు ఆపరేషన్ దాకా ముందే ఎందుకు పరిగెత్తడం? నీకింకా నొప్పి దశే కాబట్టి ఇంజెక్షన్ బాగా పనిచేసేదీ ఇప్పుడే. నాలాగా నూనె రాసుకుంటూ కూర్చోకు.

ఇక గోడ సంగతి. హాల్లో అమ్మాయి ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు ఉన్నాయి కదా, గోడకి ఎదురుగా నిలబడి వాటి మీదుగా వేళ్లతో పైకి పాకిస్తాను. మొదటి రోజు దాని ఐదో తరగతి గీత దగ్గర ఆగిపోయాను. దసరాకి పదో తరగతి దాటాను. ఇప్పుడు గీతలన్నీ అయిపోయి క్యాలెండరు మేకు మిగిలింది. పొద్దున దానికి నాలుగు వేళ్ల దూరంలో ఉండగా నీ ఫోన్ మోగింది. మూడో విడత ఇంకా బాకీ ఉంది, కాపడం నీళ్లు కూడా కాగినట్టున్నాయి. రక్తపరీక్ష రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి, రాత్రి ఎనిమిది దాటాక.

నీ
రాముడు