వెనక ఎడమపక్క దిగిన బండి గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెనక షాక్ అబ్జార్బర్లు, వాటి పైమౌంట్లు, ట్రెయిలింగ్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చెయ్యి) కీలులో ఉండే బుష్‌లు కొత్తవి వేశాక ఎడమపక్క 15 మిల్లీమీటర్లు దిగిందన్నావు. కొత్త స్ప్రింగులు కొనేస్తానంటున్నావు, ఆగరా. పనికి ముందు సమంగా నిలబడి, పనయ్యాక ఒరిగిందంటే ముందు అనుమానించాల్సింది బిగింపుని.

ముందు కొలత సంగతి. నేల నుంచి ఆర్చ్ (చక్రం పైనుండే బాడీ వంపు) అంచుదాకా కొలిస్తే టైరు గాలి, నేల వాలు కూడా ఆ అంకెలో కలిసిపోతాయి. చక్రం నడిమధ్య నుంచి నిటారుగా పైనున్న అంచుకి టేపు పట్టు. డిక్కీ ఖాళీ చెయ్యి, చదునైన నేల చూసుకో. జాకీ దించగానే మాత్రం కొలవకు. అప్పుడు టైర్లు నేలని పట్టుకుని లోపలికి ముడుచుకుని ఉంటాయి, బండి ఎత్తుగానే ఆగిపోతుంది. నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ దొర్లించి, వెనకభాగాన్ని గట్టిగా నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు నాలుగు చక్రాల దగ్గరా అంకెలు రాసుకో.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. రబ్బరు బుష్‌లో రెండు ఇనుప గొట్టాలుంటాయి కదా, రబ్బరు ఆ రెండింటికీ అంటుకుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కి బిగుసుకుంటుంది. ఇక ఆర్మ్ కదిలినప్పుడల్లా ఏదీ జారదు, రబ్బరే మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించావనుకో, బండి దిగాక ఆ రబ్బరు మెలికతోనే ఉండిపోయి ఆర్మ్‌ని కిందికి నెడుతూనే ఉంటుంది. అంటే ఆ పక్క బండి పైకి లేస్తుంది. కాబట్టి నీ ఎడమపక్క దిగకపోయి ఉండొచ్చు, కుడిపక్కే లేచి ఉండొచ్చు! ఉండాల్సిన ఎత్తు అంకె మాన్యువల్‌లో దొరికితే రెండు పక్కలనీ దాంతో పోల్చు. ఆ మెలికని అలాగే వదిలేస్తే ఎత్తు తప్పడంతో పాటు రబ్బరు కూడా త్వరగా చిరిగిపోతుంది. లోపలి గొట్టం తిరిగే పాలియురేతేన్ బుష్‌లకి ఈ బాధ లేదు.

బాగు చెయ్యడం తేలికే. బండి బరువు చక్రాల మీద ఉండగా రెండు పక్కలా ఆ బుష్ బోల్టులు ఒక చుట్టు వదులు చెయ్యి, నొక్కి వదులు, మళ్ళీ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించు. స్పానర్ పట్టదంటే బాడీని స్టాండ్ల మీద నిలిపి, హబ్ (చక్రం బిగిసే నడిమి భాగం) కింద జాకీ పెట్టి, చక్రం మధ్య నుంచి ఆర్చ్‌కి ఉండాల్సిన దూరం వచ్చేదాకా లేపి బిగించు. స్టాండ్లు లేకుండా ఒట్టి జాకీ మీద మాత్రం కిందికి దూరకురా, బతిమాలుతున్నాను.

అయినా తేడా పోలేదా, స్ప్రింగు కూర్చున్న తీరు చూడు. కింది కొస, కప్పులో అది ఆనాల్సిన గట్టుకి తగిలి ఉండాలి. కొస గట్టు మీదికెక్కినా, రబ్బరు ప్యాడ్ మడతపడినా, ఒకపక్క మందంది పడినా ఎత్తు మారిపోతుంది. స్ప్రింగు ఆర్మ్ పొడవులో సగం దగ్గరుంటే అక్కడి 5 మిల్లీమీటర్లు చక్రం దగ్గర 10 అవుతుంది. స్ప్రింగు షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉండే రకమైతే, పైమౌంట్ వాషర్లు, స్పేసర్లు రెండుపక్కలా ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూడు.

ముందువైపు తప్పు వెనక కనపడడం కూడా మామూలే, ముందు ఎడమ స్ప్రింగు కుంగితే వెనక కుడి బరువూ ఎత్తూ మారతాయి. ముందువైపు క్రాస్‌మెంబర్ (బండి కింద అడ్డంగా ఉండే దూలం) సరిగ్గా నడిమధ్యన జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ నేల వదిలేదాకా లేపు, కింద ఎవరూ ఉండకూడదు. అప్పుడు వెనక సమమైతే తప్పు ముందుంది, తేడా అలాగే ఉంటే వెనకే. వెనక స్టెబిలైజర్ బార్ (రెండు పక్కల చక్రాలనీ కలిపే కడ్డీ) ఉంటే, బరువు చక్రాల మీదుండగా ఒకపక్క దాని లింక్ విప్పు. విప్పాక ఒరుగు తగ్గితే ఆ బారే లాగుతోంది.

ఇవన్నీ అయ్యాకే స్ప్రింగుల జోలికి. విప్పి పక్కపక్కన నిలబెట్టి పొడవు చూడు, చివరి చుట్టు విరిగిందేమో తడుము, తర్వాత ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి వెయ్యి. ఒరుగు స్ప్రింగుతో పాటు పక్క మారితే జత కొను. కొన్ని బండ్లకి ఎడమా కుడీ వేర్వేరు నంబర్లుంటాయి, అది ముందే చూసుకో.

ఎత్తు కుదిరాక అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల గురి తప్పక సరిచేయించు. బోల్టులు వదులు చెయ్యకముందు, బిగించాక, రెండుసార్ల అంకెలూ రాసి పంపు, ఇక్కడ కూర్చుని చూస్తాను.

నీ
రవి