వెస్టర్న్ స్వింగ్ లేకుండా కంట్రీ చరిత్రా?
అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం మొత్తం కంట్రీకి కేంద్రమైన నాష్‌విల్ నగరం చుట్టూనే తిరిగింది, కంట్రీ ఫిడేలుకు జాజ్ ఊపు కలిపి డాన్స్ కోసం వాయించే వెస్టర్న్ స్వింగ్‌ను పెంచిన టెక్సాస్, ఓక్లహోమాల కళాకారుల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది పెద్ద లోటు. టెక్సాస్ గాయకుడు మిల్టన్ బ్రౌన్ బృందంలోని బాబ్ డన్ 1935లోనే ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ వాయించేది) వాయించి రికార్డు చేశాడు. బృంద నాయకుడు, ఫిడేలు కళాకారుడు బాబ్ విల్స్ అయితే ఫిడేలు పక్కన డ్రమ్స్, ట్రంపెట్, శాక్సోఫోన్ పెట్టి ఓక్లహోమా నగరం తుల్సాలోని కెయిన్స్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాల్ నుంచి ఏళ్ల తరబడి రేడియోలో వినిపించాడు, అదీ నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ వాళ్లు స్టేజీ మీదికి డ్రమ్స్ రానివ్వని రోజుల్లో. ప్రసిద్ధ కంట్రీ గాయకుడు మెర్ల్ హాగర్డ్ అంతటివాడు 1970లో విల్స్‌కి నివాళిగా ఆల్బమ్ చేయడానికి ఫిడేలు నేర్చుకున్నాడు. నేను డాలస్‌లో ఉంటాను, ఇక్కడి డాన్స్ హాల్లో ఇప్పటికీ రెండు ఫిడేళ్లు జంటగా అందుకోగానే డెబ్బై దాటిన దంపతులు కుర్చీలు వెనక్కి నెట్టి లేస్తారు, చెక్క నేల మీద వాళ్ల బూట్ల చప్పుడు తాళంలో కలిసిపోతుంది. కాబట్టి ఈ కళాకారుల మీద విడిగా ఒక వ్యాసం వేయండి, ఇకపై ఏ పాట గురించి రాసినా గాయకుడితో పాటు వాయించినవాళ్ల పేర్లు కూడా ఇవ్వండి.