మన సంఘం వార్షిక నివేదిక: శాండింగ్ నుసి మీద ఏడాది పని

సభ్యులందరికీ నమస్కారం.

చెక్కపనిలో జాయింట్ల తరగతులు, ఉలి సానపట్టడం, పాలిష్ శిక్షణ ఈ ఏడాదీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం. వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. కార్యవర్గం మిగతా సమయమంతా ఒకే పనికి పెట్టింది: ఇంటి పనిగదిలో కరెంటు శాండర్ (ఉప్పుకాగితంతో చెక్కను నున్నగా రుద్దే మెషిన్) లేపే నుసిని పట్టడం. గత మహాసభలో మీరే కోరిన పని ఇది. ఏం చేశామో, ఏం తేలిందో వివరంగా చెప్పాలి.

రంపం, చిత్రిక నుంచి వచ్చే పొట్టు బరువుగా కింద పడుతుంది. ఊడ్చి ఎత్తేస్తే సరిపోతుంది. శాండర్ నుంచి వచ్చే నుసి అలా కాదు, అందులో చాలా సన్నని రేణువులు ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. గాలి కదలని గదిలో 10 మైక్రాన్ల రేణువు ఒక మీటరు దిగడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్ రేణువుకు అదే దూరం దిగడానికి 8 గంటల దాకా పడుతుంది. నిజానికి ఏ గదిలోనూ గాలి పూర్తిగా నిలవదు కాబట్టి అది ఇంకా ఎక్కువసేపు తేలుతూనే ఉంటుంది. మెషిన్ ఆపి, మాస్కు తీసి, చీపురు పట్టుకునే సమయానికి మనం పీల్చేది దీన్నే. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేదీ ఇదే.

చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో తేల్చి, మొదటి వర్గంలో చేర్చింది. దానికి చాలా ముందే, 1960లలో, ఇంగ్లండ్‌లోని హై వికోమ్ ప్రాంతంలో ఫర్నిచర్ కార్మికులకు అరుదైన ముక్కు క్యాన్సర్లు ఎక్కువగా వస్తున్నట్టు అక్కడి వైద్యులు గమనించారు. వాళ్లు ఏళ్ల తరబడి రోజంతా ఆ ధూళిలో పనిచేసినవాళ్లు. సెలవురోజున కాసేపు పనిచేసుకునే మనకూ అంతే ముప్పు ఉందని మేం చెప్పడం లేదు. అయితే ఫ్యాక్టరీలో ధూళికి ఒక హద్దు ఉంటుంది. గట్టి చెక్క ధూళి ఘనపు మీటరు గాలిలో ఎనిమిది గంటల సగటున 3 మిల్లీగ్రాములు దాటకూడదని బ్రిటన్ నియమం. యూరోపియన్ యూనియన్‌లో 2023 నుంచి అది 2 మిల్లీగ్రాములు. మన పనిగదిలో అలా హద్దు పెట్టేవాళ్లూ, వచ్చి తనిఖీ చేసేవాళ్లూ లేరు. పైగా ఆ గాలి పక్క గదిలో పిల్లలకూ చేరుతుంది. కొన్ని చెక్కలతో ఎలర్జీ బెడద కూడా ఉంది. వెస్టర్న్ రెడ్ సీడర్ అనే చెక్కలోని ప్లికాటిక్ ఆమ్లం ఆస్తమా తెప్పిస్తుంది. టేకు, రోజ్‌వుడ్ నుసి కొందరికి చర్మం మీద దద్దుర్లు లేపుతుంది. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా చాలు.

అందుకే ఈ ఏడాది సంఘం తరఫున లేజర్‌తో పనిచేసే ధూళి మీటరు ఒకటి కొని, వంతులవారీగా సభ్యుల ఇళ్లకు ఇచ్చాం. ఇలాంటి చిన్న మీటరును చెక్క ధూళికి ప్రత్యేకంగా సరిచూసి ఉండరు. దాని అంకెలను పై హద్దులతో పోల్చడం తప్పు. అదే గదిలో, అదే చెక్క మీద, పద్ధతి మార్చితే అంకె ఎటు కదిలిందో చూడటానికే అది పనికొస్తుంది. ఆ మేరకు చాలా నేర్పింది. శాండర్‌తో పాటు వచ్చే గుడ్డ సంచి కంటికి కనిపించే పొడిని పట్టింది, మీటరు అంకె మాత్రం పెరుగుతూనే పోయింది. వాక్యూమ్ గొట్టం తగిలిస్తే అంకె దభాలున పడింది. ఊడ్చినప్పుడు మళ్లీ లేచింది. కంప్రెసర్ గాలితో బల్ల ఊదినప్పుడు వచ్చిన అంకె శాండింగ్ చేసినప్పటికంటే ఎక్కువ. ఆ అలవాటు ఉన్నవాళ్లు దయచేసి ఈరోజే మానండి. తడిగుడ్డ, వాక్యూమ్ ఈ రెండే వాడండి.

సభ్యులు అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న: పెద్ద డస్ట్ కలెక్టర్ ఉండగా వాక్యూమ్ ఎందుకు? రెండింటి స్వభావం వేరు. డస్ట్ కలెక్టర్ 100 మిల్లీమీటర్ల పైపులోంచి బోలెడంత గాలిని తక్కువ పీడనంతో లాగుతుంది. టేబుల్ రంపానికి, ప్లేనర్‌కు అదే సరైనది. శాండర్‌లో నుసి బయటికి వచ్చే నోరు 27 నుంచి 36 మిల్లీమీటర్లు, ప్యాడ్ (కాగితం అంటించే అడుగు పలక) రంధ్రాలు ఇంకా సన్నం. అంత ఇరుకు దారిలో గాలిని లాగాలంటే పీడనం కావాలి, అది వాక్యూమ్‌కే ఉంది. కలెక్టర్ పైపును సన్నం చేసి శాండర్‌కు తగిలిస్తే చాలినంత గాలి రాదు. కొనే ముందు ఈ తేడా తెలిస్తే సభ్యుల డబ్బు మిగులుతుంది.

వాక్యూమ్‌లో అసలు చూడాల్సింది ఫిల్టర్. మోటారు ఎన్ని వాట్లన్నది తర్వాతి మాట. ముతక ఫిల్టర్ ఉంటే నుసి ఒకవైపు లోపలికి వెళ్లి ఇంకోవైపు గదిలోకే వస్తుంది. యూరప్ వర్గీకరణ ప్రకారం ఎల్ తరగతి యంత్రం 1 శాతం లోపు, ఎం తరగతి 0.1 శాతం లోపు, హెచ్ తరగతి 0.005 శాతం లోపు ధూళిని మాత్రమే బయటికి వదలాలి. చెక్క పనికి ఎం తరగతి, లేదా హెపా ఫిల్టర్ (అతి సన్నని రేణువులనూ పట్టేది) ఉన్న వాక్యూమ్ తీసుకోండి. ఫిల్టర్ చుట్టూ రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే ఏ తరగతైనా దండగే. ముందు ఒక సైక్లోన్ మూత (గాలిని సుడి తిప్పి బరువైనదాన్ని కింద పడేసేది) పెట్టిన బకెట్ ఉంచితే బరువు పొట్టు అందులోనే ఆగిపోయి ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. కానీ సన్నని నుసి సైక్లోన్ దాటి వెళ్తుంది, కాబట్టి మంచి ఫిల్టర్ అవసరం తీరదు.

శాండర్ దగ్గర కూడా కొన్ని మెలకువలు ఉన్నాయి. ఉప్పుకాగితం రంధ్రాలు ప్యాడ్ రంధ్రాల మీద సరిగ్గా కూర్చోవాలి. కాస్త పక్కకు జరిగినా దారి మూసుకుపోయినట్టే. వలలాంటి ఉప్పుకాగితం డిస్క్‌లకు ఈ బాధ లేదు. పీల్చే బలం మరీ ఎక్కువైతే ప్యాడ్ చెక్కకు అతుక్కుని ఎగురుతుంది, అప్పుడు వాక్యూమ్ బలం తగ్గించాలి. అంచుల దగ్గర ప్యాడ్ సగం గాలిలో ఉన్నప్పుడు నుసి ఎటూ చిక్కదు, కాబట్టి గొట్టం ఉన్నా ఎన్‌95 లేదా అంతకు మించిన మాస్కు పెట్టుకోండి. గడ్డం ఉన్నవాళ్లకు మాస్కు ముఖానికి అంటుకోదని మాస్కుల ప్రదర్శనలో అందరూ చూశారు. ఇంకో సంగతి: నుసి ఎప్పటికప్పుడు పోతే కాగితం త్వరగా పూడదు, ఎక్కువకాలం వస్తుంది, చెక్క మీద సుడి గీతలు తగ్గుతాయి. ఆరోగ్యం మాటకు కదలని కొందరు సభ్యులు ఈ మాటకు గొట్టం కొన్నారు. మాకు అదీ సంతోషమే.

కంపెనీకో కొలత గొట్టం పెద్ద తలనొప్పి. దానికి సభ్యులే రబ్బరు కప్లింగులు, సైకిల్ ట్యూబు ముక్కలు, చెక్కలో తొలిచిన అడాప్టర్లు తయారుచేసి ఇచ్చారు. అవన్నీ కొలత రాసిన డబ్బాలో సంఘం గదిలో ఉన్నాయి, ఎవరైనా తీసుకెళ్లవచ్చు. స్క్రాపర్ (చెక్కను సన్నగా గీకే ఉక్కు రేకు) అంచు తిప్పడం మీద పెట్టిన తరగతికి వచ్చినవాళ్లు అది మళ్లీ పెట్టమన్నారు. పెడతాం. చిత్రిక, స్క్రాపర్ బాగా పడితే ముతక శాండింగ్ చాలావరకు తప్పుతుంది, గాలిలోకి నుసి అంతగా లేవదు.

నిప్పు గురించి గట్టిగా చెప్పాలి. గాలికి ఆరి గట్టిపడే నూనె, వార్నిష్ పూతల మధ్య శాండింగ్ చేసిన పొడి సంచిలో కుప్పగా ఉంటే దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. పని అవగానే సంచి ఖాళీ చేసి, పొడిని మూత ఉన్న ఇనప డబ్బాలో ఆరుబయట ఉంచండి. ఇనుము రుద్దే పనికి ఆ వాక్యూమ్‌నే వాడకండి, ఒక్క నిప్పురవ్వ చాలు. పాత ఇళ్ల తలుపుల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా అసలు రుద్దవద్దు, సంఘం వాక్యూమ్‌ను ఆ పనికి ఇవ్వం.

మహాసభ ఆమోదానికి రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, సంఘం పనిగదిలో గొట్టం తగిలించకుండా శాండర్ ఆన్ చేయరాదు. రెండు, వచ్చే ఏడాది సంఘం గదికి ఫ్యాను, ఫిల్టర్లతో గాలి శుభ్రం చేసే పెట్టె సభ్యులమే కట్టాలి. నుసిని పుట్టినచోటే పట్టే పనిని అది చేయలేదు, తప్పించుకుపోయినదాన్ని మాత్రం పడుతుంది. మీటరు కావలసినవాళ్లు సభ రోజునే పేరు రాయించుకోండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి