మరమ్మతు ఖర్చు అద్దెదారు నెత్తినా?

సంపాదకుడు గారికి,

బాత్‌రూమ్ పైకప్పు కారుతోందని రెండేళ్లు మొత్తుకున్నాక, నిరుడు మా ఇంటి యజమాని పని మొదలుపెట్టించారు. పదిహేను రోజులన్నది మూడు నెలలు సాగింది. సిమెంటు దుమ్ము పరుపు మీద, పుస్తకాల మీద, మూత పెట్టిన గిన్నెల్లో కూడా. రాత్రిపూట మంచం మీది ప్లాస్టిక్ షీటును ఇద్దరం చెరో కొసా పట్టుకుని, దుమ్ము రాలకుండా మడతపెట్టడంలో ఆరితేరిపోయాం. ఆ మూడు నెలలూ అద్దెలో పైసా తగ్గలేదు. పని పూర్తయిన వారానికే కబురొచ్చింది: ఇల్లు కొత్తదైంది కనుక అద్దె పావు వంతు పెరుగుతుంది, కుదరకపోతే ఖాళీ చేయండని.

యజమానికీ ఖర్చయింది, కాదనను. కానీ అందులో మరమ్మతెంత, హంగెంత? కారే పైపు మార్చడం, పెచ్చులూడిన స్లాబు బాగుచేయడం మేం నెలనెలా కట్టే అద్దెకు బదులుగా ఎప్పుడో జరగాల్సిన పనులు. వాటిని ఏళ్లపాటు వాయిదా వేసి, చివరికి ఒక్కసారే చేయించి, 'రెనొవేషన్' అని పేరు పెట్టి మా దగ్గరే వసూలు చేయడం ఏం న్యాయం? కొత్త టైల్స్, కప్‌బోర్డుల సంగతి వేరు. వాటికి అద్దె పెంచొచ్చు. కానీ అవి కావాలా అని మమ్మల్ని అడిగిందెవరు?

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ తేడాను గుర్తించింది. ఇంటికి మెరుగులు దిద్ది అద్దె పెంచాలంటే, పని మొదలుకాకముందే అద్దెదారుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ఆ పెంపు కూడా, పని పూర్తయిన నెల తర్వాతే అమలవుతుంది. యజమాని ఎలాగూ చేయించాల్సిన మరమ్మతులు ఆ లెక్కలోకి రావు. అయితే దాన్ని అమల్లోకి తేవాల్సింది రాష్ట్రాలు. జర్మనీలోనూ మరమ్మతు వాటా తీసేశాక మిగిలిన ఖర్చులో మామూలుగా 8 శాతాన్నే ఏడాది అద్దెకు కలపనిస్తారు, దానికీ పరిమితి ఉంది.

అద్దె పెంచనివ్వకపోతే ఇళ్లను ఎవరు బాగుచేయిస్తారని అడుగుతారు. పెంచొద్దనడం లేదు. సుత్తి దెబ్బ పడకముందే ఎంత పెరుగుతుందో చెప్పండి, వాడుకోలేని గదికి ఆ నెలల్లో అద్దె తగ్గించండి అంటున్నాం. ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చుగా అనడం తేలికే. పిల్లల బడి, డాక్టరు, ఆఫీసు అన్నీ ఈ ఇంటి చుట్టూ అల్లుకున్నాక, చదువుల సంవత్సరం మధ్యలో ఎక్కడికి పోతాం?

యజమాని పెంచిన అద్దే కడుతున్నాం. బాత్‌రూమ్ కారడం మాత్రం ఆగింది, అది ఒప్పుకోవాలి.

– ఒక అద్దెదారు