ఆ నల్ల కోన్ పట్టుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కంప్యూటర్ రూముల్లో, కరెంటు ప్యానెళ్ల పక్కన గోడకి తగిలించి ఉండే కార్బన్ డయాక్సైడ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గురించి రాస్తున్నానండి, అదే, ముందు నల్లటి పెద్ద కోన్ ఉండేది. షార్ట్ సర్క్యూట్ మంటలకి, పెట్రోలు, థిన్నర్ మంటలకి అది చాలా బాగా పనిచేస్తుంది, కరెంటు పాస్ అవ్వదు, మెషిన్ల మీద పౌడర్ మిగలదు. కానీ ఎలా వాడాలో ఒక్క ముక్క కూడా చెప్పకుండా తగిలించేసి వెళ్లిపోతున్నారు, నా బాధంతా అదే.

నేను ఫైర్ సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తుంటాను. సిలిండర్ చేతికివ్వగానే చాలామంది కుడి చేత్తో లివర్ పట్టుకుని ఎడమ చెయ్యి తిన్నగా కోన్ చుట్టూ వేసేస్తారు. లోపలుండేది ప్రెషర్‌కి ద్రవంగా మారిన గ్యాసు, బయటికి రాగానే మైనస్ 78 డిగ్రీల దాకా చల్లబడి తెల్లగా మంచుపొడిలా పడుతుంది, దాంతో కోన్ కూడా ఎంత చల్లబడుతుందంటే పట్టుకున్న చర్మం దానికి అతుక్కుపోయి కాలినట్టే దెబ్బతింటుంది. హోస్ మీద గ్రిప్ ఉంటే అక్కడే పట్టుకోవాలి, హోస్ లేని చిన్న సిలిండరైతే నొక్కకముందే కోన్‌ని మంట వైపు తిప్పి పెట్టుకుని చెయ్యి తీసెయ్యాలి. 2 కిలోల సిలిండర్ పది సెకన్లలో అటూఇటూగా ఖాళీ అయిపోతుంది, గ్యాసు రెండు మీటర్లకి మించి పెద్దగా పనిచెయ్యదు, కాబట్టి దూరం నుంచి కొట్టి వేస్ట్ చెయ్యకండి, దగ్గరికెళ్లి మంట అడుగు భాగం మీద అటూఇటూ ఊపుతూ కొట్టాలి.

ఇంకోటి, ఇది మంటకి ఆక్సిజన్ అందకుండా చేస్తుంది గానీ వేడిని పెద్దగా తగ్గించదు. అందుకే కాగితాలు, పరుపులు, చెక్క లాంటివి ఆరినట్టే ఆరి గ్యాసు చెదిరాక మళ్లీ అంటుకుంటాయి. కరెంటు మంటైనా అంతే, వీలైతే ముందు మెయిన్ ఆపెయ్యాలి. మూకుడులో మరిగే నూనె అంటుకుంటే మాత్రం దీన్ని అసలు వాడొద్దు, ఆ జోరుకి మండే నూనె ఎగిరి మీద పడుతుంది. మనిషి బట్టలంటుకున్నా దీంతో కొట్టకూడదు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది మూసేసిన గదుల గురించి. 4.5 కిలోల సిలిండర్ మొత్తం వదిలితే సుమారు 2,400 లీటర్ల గ్యాసు వస్తుంది. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గది లెక్కేసుకోండి, తలుపులన్నీ వేసుంటే అక్కడి గాల్లో దాదాపు పదో వంతు ఇదే అవుతుంది, అందులో మనిషి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పి పడిపోతాడు. పైగా గాలికన్నా బరువు, కింద పేరుకుంటుంది, సెల్లార్లలో, కేబుల్ గుంతల్లో మరీ ప్రమాదం. అందుకని తలుపు మన వెనకే ఉండేలా నిలబడి కొట్టాలి, కొట్టగానే బయటికొచ్చి తలుపు వేసెయ్యాలి, ఆరిందా లేదా అని లోపలికి తల పెట్టి చూడొద్దు, గాలి బాగా ఆడాకే ఎవరైనా వెళ్లాలి.

దీనికి ప్రెషర్ మీటర్ కూడా ఉండదు, గ్యాసు ఉందో లేదో తూచే తెలుసుకోవాలి. సిలిండర్ మీద రాసిన బరువుతో పోల్చి, గ్యాసు పది శాతం తగ్గితే మళ్లీ నింపించాలి. అగ్నిప్రమాదం వార్త వేసినప్పుడల్లా పక్కన చిన్న బాక్స్‌లో ఈ విషయాలు వేయమని మిమ్మల్ని కోరుతున్నాను, సిలిండర్లు బిగించేవాళ్లు కూడా వెళ్లేముందు అక్కడ పనిచేసేవాళ్ల చేత ఒక్కసారైనా పట్టించి చూపించాలి.

ఇట్లు,
ఒక ఫైర్ సేఫ్టీ ట్రైనర్