జనవరిలో నింపిన తూటా

తిరుపతి
రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం

ఒరే బావా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం చేరింది. కొత్త ఊరు, కొత్త ఇల్లు, పిల్లల స్కూలు అన్నీ రాశావు, సంతోషం. కానీ రెండో పేజీలో, జనవరిలో ఇంట్లో నింపుకున్న రైఫిల్ తూటాలు పేల్చానని చెబుతూ "బోల్ట్ లేవలేదురా, అరచేత్తో కొట్టి ఎత్తాల్సొచ్చింది" అన్నావే, తూటా వెనక రైఫిల్‌ని మూసే ఆ గడియ మొరాయించిందని చదివి అక్కడే ఆగిపోయాను. రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. ఇక్కడ రోళ్లు పగిలే ఎండ. గంగ జాతర అయిపోయింది, వేషాల సందడి లేదు, పన్నెండయితే వీధిలో కుక్క కూడా కనబడదు. తలుపులన్నీ వేసుకుని, ఫ్యాన్ కింద కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్తాను. ఆ డబ్బాలో మిగిలిన తూటాల్లో ఇంకొక్కటి కూడా పేల్చొద్దు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "కాల్చకూడదు" అని రాసి విడిగా పెట్టు. తీరిక చూసుకుని గుండ్లు పీకి, మందు తీసెయ్. కష్టపడి నింపినవని జాలిపడకు.

"అదే కేసు, అదే ప్రైమర్, అదే మందు, తూకంలో పిసరంత తేడా లేదు, మరి ఏం మారింది?" అని అడిగావు. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ మారలేదు, లోపలి మందు వేడి మారింది బావా. జనవరిలో నువ్వు మినెసోటా మంచులో నిలబడి, వేళ్ళు కొంకర్లు పోతుంటే పరీక్ష చేశావు. అప్పుడు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ అని నువ్వే రాశావు. పోయిన శనివారం నీ కొత్త ఊళ్ళో, టెక్సాస్‌లో 97. పైగా డబ్బా మూత తీసి బెంచీ మీద ఎండలో పెట్టానన్నావు కాబట్టి, లోపలి మందు గాలికన్నా ఎక్కువే కాగి ఉంటుంది. పేరు అదే, తూకం అదే, కానీ ఆ రోజు నువ్వు పేల్చింది జనవరిలో పేల్చిన మందు కాదనుకో.

పొగ రాని మందు బాంబులా ఒక్కసారిగా పేలదు, మండుతుంది. ప్రతి గింజా పైపొర నుంచి లోపలికి కాలుతూ పోతుంది. గింజ ముందే వెచ్చగా ఉంటే అంటుకోవడానికి దానికి కావలసిన వేడి తగ్గుతుంది, అందుకని త్వరగా కాలుతుంది. త్వరగా కాలితే కేసులో పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే మందు ఇంకా త్వరగా కాలుతుంది. గొడవంతా ఇక్కడే. మొదట్లో వచ్చిన చిన్న తేడా తనను తానే పెంచుకుంటూ పోతుంది. 1884లో పొగ రాని మందు తయారు చేసిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెయ్, పీడనానికీ మండే వేగానికీ ఉన్న ఈ లంకెను సూత్రంగా కూడా రాసిపెట్టాడు.

గుండు వేగం కొలిచే నీ క్రోనోగ్రాఫ్ అంకెలు కూర్చుని లెక్కవేశాను. జనవరిలో సెకనుకు 2,640 అడుగులు, మొన్న 2,735. గాలి వేడిలో తేడా 77 డిగ్రీలు, వేగంలో తేడా 95 అడుగులు. డిగ్రీకి దాదాపు ఒకటింపావు అడుగు. వేడికి చలించే మందుల్లో ఈ మాత్రం తేడా మామూలే, నీ మిషన్ తప్పేమీ లేదు. 95 అడుగులు పెరిగితే మంచిదే కదా అనిపిస్తుంది. 500 గజాల దగ్గర గుండు అయిదారు అంగుళాలు పైన తగులుతుంది, అది సైటు తిప్పి సరిచేసుకోవచ్చు. నా భయం పీడనం గురించి. వేగం మూడున్నర శాతం పెరిగిందంటే పీడనం అంతకన్నా ఎంతో ఎక్కువ శాతం పెరిగినట్టు. నీ తూటా రకం .308 విన్‌చెస్టర్, దానికి పెట్టిన పీడనం హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. నువ్వేమో చలిలోనే, ఎంత మందు పోయాలో చెప్పే పుస్తకంలోని పై అంకెకు ఆనించి నింపావు. ఎండాకాలానికని ఏమాత్రం సందు వదల్లేదు.

నువ్వు పంపిన ఖాళీ కేసు ఫోటో పెద్దది చేసి చూశాను. ప్రైమర్ అంచు గుండ్రంగా ఉండాల్సింది, అప్పడంలా అణిగిపోయి గుంటనిండా పరుచుకుంది. కేసు అడుగున గుండుసూది తలంత మెరుస్తున్న మచ్చ కనబడింది. అది మరక కాదు. లోపలి ఒత్తిడికి ఇత్తడి, బోల్ట్ మొహం మీద ఖాళీ కేసును బయటికి తోసే ఎజెక్టర్ ఉండే కంతలోకి దిగబడి, నువ్వు బోల్ట్ తిప్పినప్పుడు రాసుకుని మెరిసింది. బోల్ట్ బిగుసుకోవడం, ప్రైమర్ అణగడం, ఈ మచ్చ, మూడూ ఒకే తూటాలో కనబడ్డాయి. వీటిలో ఒక్కటి కనబడినా ఆ పూటకి ఆపేయాల్సిందే.

నాకివన్నీ ఎట్లా తెలుసా అనుకుంటావేమో. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో తూటా తయారు చేయడానికి చట్టం ఒప్పుకోదు, నేనెప్పుడూ ఒక్కటీ నింపలేదు. కానీ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా మందు వేడి లెక్కతోనే బతికాను కదా. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందో చెప్పే రేంజ్ టేబుళ్ళు మందు 21 డిగ్రీల సెంటీగ్రేడ్‌లో ఉందనుకుని వేస్తారు. ఆ రోజు ఛార్జి, అంటే ఫిరంగిలో వేసే మందు, అంతకన్నా వేడిగా ఉన్నా, చల్లగా ఉన్నా ఆ మేరకు లెక్క సవరించాలి. అందుకే గుంటలో ఛార్జీల మధ్య థర్మామీటర్ పెట్టి, అంకె చూసి కమాండ్ పోస్టుకు చెప్పడం మాకు రోజువారీ పని.

రాజస్థాన్ ఎడారిలో ఒకసారి, అప్పటికి నేను కొత్త గన్నర్ని, ఛార్జీల మీద కప్పిన టార్పాలిన్ గాలికి ఒక పక్క లేచిపోయింది. ఆ పక్క కాపలా నాది. నేను చూసుకోలేదు. గంట తర్వాత అక్కడి ఛార్జీలు వేస్తే గుండ్లు లక్ష్యం దాటి పడ్డాయి. కోణం సరిగ్గానే ఉంది, గుండు బరువూ అదే. మా హవల్దారు సాబ్ వచ్చి ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని ఎండ తగిలిన ఛార్జి మీద ఒకసారి, నీడలో ఉన్నదాని మీద ఒకసారి ఆనించాడు. ఆ రెండు స్పర్శలూ ఇప్పటికీ నా అరచేతిలో ఉన్నాయి.

ఇది పాత సంగతే బావా. దొరలు మన అడవుల్లో వేటకి తిరిగిన కాలంలో కార్డైట్ అనే పొగ రాని మందు వాడేవాళ్ళు. మొదటి రకం కార్డైట్‌లో 58 శాతం నైట్రోగ్లిజరినే. ఇంగ్లండు చలిలో బాగా పేలే తూటా ఇక్కడి ఎండలో బోల్ట్ బిగబట్టేది. అందుకని వేడి దేశాలకు పంపే తూటాల్లో కార్డైట్ తగ్గించి నింపి, వాటిని ట్రాపికల్ లోడ్ అనేవాళ్ళు. 1911లో వచ్చిన .416 రిగ్బీ అనే వేట తూటాకి అంత పెద్ద కేసు పెట్టింది కూడా ఎండలో పీడనం అదుపులో ఉండాలనే.

ఇంకొక విషయం, ఇది చాలామంది పట్టించుకోరు. చివరి అయిదు తూటాలే మరీ బిగుసుకున్నాయని రాశావు. అప్పటికి బ్యారెల్ కాలుతూ ఉంటుంది. తూటాని ఛాంబర్లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట పెట్టి, గాలి తగ్గేదాకా ఆగి, అప్పుడు పేల్చి ఉంటావు. తిరుమలలో మాడవీధుల రాయి గుర్తుందా? మే నెలలో సాయంత్రం ఏడయినా, ఎండ పోయినా కాళ్ళు చురుక్కుమంటాయి. తెల్ల రంగు వేసిన చోట వెతుక్కుంటూ నడిచేవాళ్ళం. రాయి పొద్దంతా తాగిన వేడిని రాత్రికి మన పాదాలకిస్తుంది. కాగిన ఛాంబర్ కూడా ఆ తూటాకి అదే పని చేస్తుంది. ఒకటి రెండు నిమిషాలు ఉంచినా చాలు. గురి కుదిరాకే తూటా పెట్టు, పెట్టాక ఆగకుండా పేల్చు. ఆగాల్సొస్తే తీసి బయట పెట్టు.

ఇక మళ్ళీ నింపేటప్పుడు పుస్తకంలోని మొదటి అంకెతో మొదలుపెట్టు, పై అంకెకి పది శాతం కిందనుంచి. కొంచెం కొంచెంగా పెంచుతూ టెక్సాస్ ఎండలోనే పరీక్ష చెయ్. నువ్వు వేటకి పోయేది నవంబరులో అయినా సరే, ఎండలో క్షేమంగా ఉన్నది చలిలోనూ క్షేమమే. చలికి కొంత వేగం తగ్గుతుంది, తగ్గనీ.

మందు మార్చుకుంటే ఇంకా మంచిది. నువ్వు వాడేది బాల్ పౌడర్, అంటే గుండ్రటి గింజల మందు, వేడికి ఎక్కువ చలించేవి వాటిలో చాలా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో తయారై హాడ్జ్‌డన్ కంపెనీ పేరుతో అమ్మే వార్గెట్, హెచ్ 4350 లాంటి కడ్డీ గింజల మందుల్లో వేడి తేడా చాలా తక్కువ చూపిస్తుంది. అసలు చూపించదని మాత్రం అనుకోకు. ఇంకో జాగ్రత్త, హెచ్ 4350 వేరు, ఐఎమ్ఆర్ 4350 వేరు. అంకె ఒకటే కదా అని ఒకదాని కొలత ఇంకోదానికి వాడొద్దు. మందు మారిందంటే మళ్ళీ మొదటి మెట్టు నుంచే.

తూటాలు కారులో వదలకు. అద్దాలు బిగించిన కారు ఎండలో ఎంత కాగుతుందో నీకు నేను చెప్పాలా? ఐస్ లేని ఐస్ బాక్స్‌లో పెట్టి మూత వేసి, బెంచీ కింద నీడలో ఉంచు. ఫ్రిజ్‌లో పెట్టే ఆలోచన మాత్రం వద్దు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది.

మీ చెల్లి బేనిషా కాయలు గడ్డిలో మాగేసింది, ఇల్లంతా అదే వాసన. నువ్వు వచ్చేదాకా ఆగవు కాబట్టి ఆవకాయ జాడీ ఒకటి నీ పేరు రాసి పెట్టింది. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. కొత్తగా నింపినప్పుడు అంకెలు, కేసుల ఫోటోలు నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. ఈలోపల గుండ్లు పీకడం అయిపోయిందని ఒక్క ముక్క రాసి పడెయ్, దానికోసం ఎదురుచూస్తుంటాను.

నీ
బావ